పన్నెండు తర్వాత పదకొండు

సగం చిరిగిన సినిమా టికెట్టును మించిన సాక్ష్యం ఈ భూమండలం మీద లేదు. శిలాశాసనాన్ని నలుగురు పండితులు నాలుగు రకాలుగా చదువుతారు. తామ్రపత్రం దొంగదని తేలుతుంది. మనుషుల ప్రమాణాల సంగతి మాట్లాడుకోకపోవడమే మర్యాద. గేటు దగ్గర చించి చేతిలో పెట్టిన ఆ అరచీటీ ఒక్కటే, దాన్ని పుచ్చుకున్న మనిషి ఫలానా సాయంత్రం ఫలానా పందిరిలోకి, ఎవరి బలవంతమూ లేకుండా, తన కాళ్ళతో తాను నడిచి వెళ్ళాడని జంకులేకుండా చెబుతుంది.

రేగుబండ క్రైస్తవ సంఘ పెద్ద సమ్మయ్యగారి అభిప్రాయం ఇది. జూలూరుపాడు పక్క అడవుల్లో ఇరవై ఎనిమిదేళ్ళు ఫారెస్టు గార్డుగా తిరిగి, సుత్తి ముద్ర లేని దుంగ దొంగదుంగ అనే ఏకైక సూత్రంతో యావత్ సృష్టినీ కొలిచి, నిరుడు రిటైరైన పెద్దమనిషి ఆయన. ఇంట్లో గిన్నెలకు సైతం పేరూ వరస నంబరూ కొట్టించనిదే వాటిలో అన్నం తినలేదు.

కిందటి వారం ఆయన తన ఇంటి గడప దగ్గర వంగి, చెప్పుల జత పక్కన పడి ఉన్న గులాబిరంగు అరచీటీని రెండు వేళ్ళతో పైకెత్తుతూ ఉండగా మనం విడిచి వచ్చాం. ఆ పూట లోపల, ఇంటికొక పూట చొప్పున సంఘం పెట్టే వంతు భోజనం చేస్తున్నది, గుడిలో ప్రసంగించే ఉపదేశి జంపయ్య. చెప్పులూ అతనివే. సమ్మయ్యగారి దృష్టిలో కేసు అక్కడికక్కడే తేలిపోయింది.

ఇంతకీ కేసేమిటంటే, ఆ ఏడు, ఎనభై నాలుగులో, శ్రావణం వానలకు పెద్దవాగు మీది చప్టా కొట్టుకుపోయింది. సంతబయలులో తాటాకు తడికెలతో కట్టిన టూరింగు టాకీసుకు బస్సు టాపు మీద వచ్చిన సినిమా పెట్టె తిరిగి ఖమ్మం పోలేక చిక్కుబడింది. నాలుగు వారాలుగా శుక్రవారం, శనివారం అదే బొమ్మ. దాని పేరు చెప్పి ఆ నిర్మాతకు ఉచిత ప్రకటన చేయడం మన ఉద్దేశం కాదు. కోయగూడెంలో పుట్టి, కొత్తగా ఉపదేశి పనికి వచ్చిన జంపయ్య దాన్ని మొదటి శుక్రవారం చూశాడు. ఆ ఆదివారమే పీఠం ఎక్కి దానికి అర్థం చెప్పాడు.

ఆ కథలో లారీ డ్రైవరు తమ్ముళ్ళ నేరాలన్నీ తన నెత్తిన వేసుకుంటాడు. వాళ్ళ కోసం లోయలో పడి చస్తాడు. పూడ్చిపెడతారు. తల్లి గుండె పగిలేలా ఏడుస్తుంది. ఆ మరుక్షణమే అతడు తెల్లచొక్కా వేసుకుని తల్లి గడపలో నిలబడి నవ్వుతాడు, పీట మీద కూర్చుని ఆమె చేతి చేపల పులుసు తింటాడు. ఆ తరువాత మరి కనబడడు. మిగిలిన పని తమ్ముళ్ళు పూర్తి చేస్తారు.

"ఇంకేం జెప్పాలె మీకు?" అని అడిగాడు జంపయ్య సంఘాన్ని. "దయ్యమైతే పులుసు తింటదా? మన ప్రభువు గూడ లేచినంక ఆకలైతాందన్నడు, చేప తిన్నడు, పైకి పోయిండు, పని మనకప్పజెప్పిండు. ఆ సినిమా తీసినోళ్ళకు ఈ సంగతి తెల్సో తెల్వదో నాకు తెల్వది. వాళ్ళతోని చెప్పించినోనికి తెల్సు."

అంతకు ముందు పదకొండేళ్ళపాటు, ఉపదేశి లేని లోటును పూడుస్తూ, సమ్మయ్యగారు స్వహస్తాలతో రాసుకున్న నోటుపుస్తకంలోంచి ప్రసంగాలు చదివేవారు. వినడానికి తొమ్మిదిమంది వచ్చేవారు, అందులో ఇద్దరు నిద్రకు. ఇప్పుడు డెబ్బైమంది. చాపలు చాలక జనం వరండాలో గోనెసంచుల మీద కూర్చుంటున్నారు. దూలయ్యగూడెం నుంచి పదిహేడుమంది బాప్తిస్మానికి పేర్లిచ్చారు.

సమ్మయ్యగారికి మింగుడుపడని విశేషం మరొకటి ఉంది. ఆయన భార్య కొండమ్మ, కొడుకు పోయిన నాటినుంచి, మూడేళ్ళుగా గుడి గడప తొక్కలేదు. ఆ కుర్రవాడు వెదురు లారీ మీద క్లీనరు. వాగు మలుపులో లారీ బోల్తాపడింది. నాటినుంచి ఆ ఇంట్లో చేపలు వండలేదు, పిల్లవాడికి ఇష్టమని. భర్త చదివిన నూటయాభై ప్రసంగాలూ ఆమెను అరుగు మీదినుంచి కదిలించలేకపోయాయి. అటువంటి కొండమ్మ ఈ నాలుగు ఆదివారాలూ ముందు వరస చాప మీద కూర్చుంది. శుక్రవారం సాయంత్రాలు సంఘంలోని గంగక్క ఇంట్లో ప్రార్థన కూటమని వెళుతోంది. మొన్ననే కొడుకు రేకుపెట్టె తెరిచి, తెల్లచొక్కా తీసి, దండెం మీద ఎండకు వేసింది.

సమ్మయ్యగారు ఆ చొక్కా చూశారు. చూసి, లోపలికి వెళ్ళి పిటీషను రాయడం మొదలుపెట్టారు.

మూడు కార్బను ప్రతులతో తయారైన ఆ పిటీషనులో ఉపదేశి సినిమాలు చూచుట, చూచినదానిని పీఠము నుండి బోధించుట, పెద్దలను సంప్రదింపకుండుట అనే నేరాలున్నాయి. సదరు వ్యక్తి వంతు భోజనమునకు రావడం మొదలైన పిదప ఫిర్యాదుదారు ఇంట స్టీలు గిన్నె ఒకటి కనబడకుండుట అనే నేరం చివర ఉంది. ఇది రుజువైతే జంపయ్య తట్టాబుట్టా సర్దుకుని అడవిలోకి పోవలసిందే. చప్టా గురువారం బాగైంది. ఆదివారం పొద్దుటి బస్సులో భద్రాచలం నుంచి అయ్యగారు బాప్తిస్మాలివ్వడానికి దిగుతారు; ఆ బస్సు టాపు మీదికే సినిమా పెట్టె ఎక్కుతుంది. న్యాయమూర్తి వచ్చే బండిలో సాక్ష్యం పారిపోతుందన్నమాట. అందుకే శనివారం పొద్దున తొమ్మిది గంటలకు, జీవితంలో మొట్టమొదటిసారి, సమ్మయ్యగారు ఒక సినిమా టాకీసులో పాదం మోపారు.

పాపకూపం పగటిపూట నిరాశ కలిగించింది. తడిసిన తాటాకు వాసన, నేల మీద పల్లీ పొట్టు, తెర ఉండవలసిన చోట అతుకుల గుడ్డ. వెనక మిషను గదిలో లాలు రీళ్ళు చుట్టుకుంటున్నాడు. ఇతడు పక్క తండా మనిషి. టాకీసుకు ఆపరేటరు, కాపలాదారు, గేటు మనిషి అన్నీ తానే.

"ఏంరా లాలూ, ఒక్కనివే ఉన్నవా?"

"హీరో, హీరోయిను డబ్బాల్ల పండుకున్నరు గార్డు సాబ్. లేపాల్నా?"

సమ్మయ్యగారు నవ్వలేదు. చేతికర్ర గోడకు ఆనించి, జేబులోంచి కాగితం పొట్లం తీసి, అందులోంచి అరచీటీ తీసి లాలు కళ్ళ ముందు పెట్టారు.

"ఇది మీ టాకీసుదేనా?"

"మాదే."

"ఉపదేశిది. అవునా కాదా?"

లాలు చీటీని చూశాడు, గార్డును చూశాడు. "కాదు సాబ్. గులాబీ టికెట్టు ఆడోళ్ళ దిక్కుది. మొగోళ్ళది పచ్చటిది. ఉపదేశి ఎప్పుడొచ్చినా పచ్చటిదే కొంటడు, ఆ తడికెకు ఆనుకొని కూసుంటడు, బుక్కుల రాస్కుంటడు."

ఆడవాళ్ళ టికెట్టు కొనేదాకా దిగజారాడన్నమాట, అనుకున్నారు సమ్మయ్యగారు. జేబులోంచి పెన్సిలు తీసి పిటీషను అంచున ఆ సంగతి ఎక్కించారు. మేధావుల లక్షణం ఇది. సాక్ష్యం ఎటు తిరిగినా వారి అనుమానం మాత్రం నిలిచినచోటే నిలిచి ఉంటుంది.

"సచ్చినోడు లేస్తడంట గద, ఆ ముక్క ఏది? చూపియ్యి."

లాలు చేతిలో తిరుగుతున్న చక్రం ఆగింది. "ఇప్పుడెట్ల జూస్తవు సాబ్? పొద్దుమీకి రా. ఆఖరి ఆట."

"ఉంటే గద నువ్వు చూపిచ్చేది. ఆ జంపయ్య సొంతంగ కల్పించిండని నా అనుమానం."

"ఉన్నది సాబ్. వాగు మీద ఒట్టు, ఉన్నది."

"మరి చక్రమెందుకు ఆపినవ్?"

సమ్మయ్యగారి చూపు అప్పటికే లాలును వదిలేసి గోడవారగా పేర్చిన రేకు డబ్బాల మీదికి వెళ్ళింది. పధ్నాలుగు డబ్బాలు. ఒక్కొక్కదాని నడుముకూ ఒక జనపతాడు, తాడుకు ముడులు. లాలుకు చదువు రాదు. పదికి ఒక పెద్ద ముడి, ఒకటికి ఒక చిన్న ముడి వేసి రీళ్ళ వరస గుర్తుపెట్టుకుంటాడు. డబ్బాల మీది రంగు అంకెలు తుప్పు కింద ఎప్పుడో మరుగునపడ్డాయి.

మరుగునపడిన అంకెలు! కలప దొంగలు గొడ్డలితో చెక్కి చెరిపేసిన సుత్తి ముద్రను, దుంగ మీద నాలుగు చుక్కల నీళ్ళు చిలకరించి, పక్కకు వంగి వెలుతురుకు అడ్డంగా చూసి చదవగలిగిన మనిషి జిల్లాలో ఒకే ఒక్కడుండేవాడు. ఆ ఒక్కరు ఇప్పుడు గొంతుకూర్చున్నారు. ఉత్తరీయం కొస తడిపి, ఒక్కొక్క డబ్బా మూతనూ రుద్దుతూ పోయారు. తొమ్మిది ముడుల డబ్బా మీద తొమ్మిది. పెద్ద ముడి ఒక్కటే ఉన్నదాని మీద పది. ఆ తర్వాత డబ్బా దగ్గర ఆయన చెయ్యి ఆగింది.

"లాలూ. దీని తాడు చదువు."

"ఒక పెద్దది, ఒక చిన్నది. పదకొండు."

"దీని మీద పన్నెండని ఉన్నది." పక్కదాన్ని రుద్దారు. "నీ తాడు పన్నెండంటాంది. డబ్బా పదకొండంటాంది. ఏందిరా ఇది?"

లాలు తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు. "బస్సు టాపు మీద వానల తడుసుకుంట వచ్చినయ్ సాబ్ డబ్బాలు. తాళ్ళు తడిసినయ్. విప్పి పొయ్యి కాడ ఎండబెట్టిన. మళ్ళ కట్టేటప్పుడు దీనిది దానికి, దానిది దీనికి పడ్డది."

"అంటే..."

"అంటే అంతే సాబ్. పులుసు తినేది పదకొండుల. చచ్చేది పన్నెండుల. తిని, తల్లికి దండం బెట్టి, లారెక్కి పోయి చస్తడు. మళ్ళ లెవ్వడు."

ఆర్కిమెడీసు స్నానాల తొట్టిలోంచి లేచినప్పటి ఆనందం చరిత్రలో నమోదైంది. సమ్మయ్యగారు రేకు డబ్బాల మధ్యనుంచి లేచినప్పటిది ఇప్పుడు నమోదవుతున్నది. డెబ్బైమంది విశ్వాసం, పదిహేడు బాప్తిస్మాలు, నాలుగు ఆదివారాల ప్రభంజనం, ఇవన్నీ రెండు జనపతాళ్ళ తారుమారు! ఈ ముక్క పిటీషనులో ఎక్కడ పెట్టాలా అని ఆయన ఆలోచిస్తూ ఉండగానే బయట సైకిలు స్టాండు వేసిన చప్పుడైంది.

"లాలన్నా, రేపటికి చాపలు గిట్ల ఇస్తవా? గూడెం నుంచి శాన మంది..." అంటూ లోపలికి తల పెట్టిన జంపయ్య, సంఘ పెద్దను చూసి, చెప్పులు విడిచి నిలబడ్డాడు. "పెద్దయ్యా! నువ్వు టాకీసుల?"

"రాండి ఉపదేశిగారూ, రాండి," అన్నారు సమ్మయ్యగారు. ఆయన అతణ్ణి బహువచనంలో పిలవడం అదే మొదలు. "మీ పునరుత్థానం డబ్బాల దొరికింది. చూస్తరా?"

చూపించారు. డబ్బా, తాడు, అంకె; డబ్బా, తాడు, అంకె. చేతికర్రతో ఒక్కొక్కదాన్నీ తాకుతూ, కోర్టులో దుంగలు చూపించినంత శ్రద్ధగా చూపించారు. జంపయ్య మొదట నవ్వాడు, తరువాత లాలు మొహం చూశాడు, ఆ తరువాత నేల మీద పల్లీ పొట్టులో కూర్చున్నాడు.

ఇటువంటి సమయంలో దొంగ చేసే పనులు సమ్మయ్యగారికి తెలుసు: బుకాయింపు, ఏడుపు, కాళ్ళ మీద పడడం. ఆయన మూడింటికీ సిద్ధంగా నిలబడ్డారు. జంపయ్య మూడింటిలో ఏదీ చేయలేదు.

"నాకు తెల్వది పెద్దయ్యా," అన్నాడు. "నేను మూడుసార్లు చూసిన. మూడుసార్లూ లేచిండు."

"తెల్వకనే చెప్పినవా అంతమందికి?"

"చూసింది చెప్పిన. ప్రభువు లేచింది అబద్ధం గాదు. గీ లారీ ఆయన లేచింది అబద్ధం. నేను రెండిటినీ ఒక్క తాడుతోని కట్టిన." మొహం ఎత్తాడు. "పిటీషను రాసినవంట గద. నువ్వు ఇయ్యద్దు. రేపు అయ్యగారి ముంగట, అందరి ముంగట నేనే చెప్త. పేర్లిచ్చినోళ్ళు వాపసు తీసుకుంటమంటే తీసుకోని. నన్ను పొమ్మంటే పోత."

"నువ్వు చెప్తవా?"

"చెప్పకుంటెట్ల? కానీ..." జంపయ్య గొంతు తగ్గింది. "అందరికంటే ముందు పెద్దమ్మకు చెప్పాలె. కొండమ్మ పెద్దమ్మకు. పోయిన ఆదివారం నా చెయ్యి పట్టుకొని ఏమన్నదో ఎర్కేనా? మా వాడు గూడ గట్లనే గడపల నిలవడ్డట్టున్నది బిడ్డా, అన్నది. ఈ మాట ఆమెకు నేనెట్ల జెప్పాలె పెద్దయ్యా? నువ్వు జెప్తవా?"

సమ్మయ్యగారి చేతికర్ర నేల మీద ఒక చిన్న గీత గీసింది. దండెం మీది తెల్లచొక్కా ఆయన కళ్ళ ముందు ఒకసారి ఊగింది. గెలిచిన కేసు ఇంత బరువుగా ఉండడం ఆయన సర్వీసులో ఎన్నడూ లేదు. ఆ బరువును దించుకోవడానికి ఆయనకు తెలిసిన మార్గం ఒక్కటే, మళ్ళీ అనుమానించడం.

"ఆగు," అన్నారు. లాలు వైపు తిరిగారు. "మొదటి ఆట నాడు తాళ్ళు తప్పినయ్, సరే. సచ్చినోడు పులుసు తింటాంటే నీకన్న తెల్వాలె గద?"

"మొదటి ఆటకే తెలిసింది సాబ్. జనం కొడ్తరనుకున్న. కొట్టలె. ఏడ్చిన్రు. అందుకే ఊకున్న."

"నాలుగు వారాలు ఊకున్నవా?"

"లేదు సాబ్, రెండో శుక్రవారం సరిగ్గనే ఏసిన. పనిల తప్పు నాకు గూడ బాగనిపియ్యది. ఆ రోజు కుండపోత వాన. మొగోళ్ళ దిక్కు ఐదుగురు, ఐదుగురూ సార తాగి పండుకున్నరు. ఆడోళ్ళ దిక్కు ఒక్కతె. చచ్చేదాకా చూసింది. ఆట అయిపోయినంక గూడ తెర దిక్కే చూసుకుంట కూసున్నది. ఇంక లేదమ్మా, పో, అంటే పోయింది."

"నేను ఆ రోజు గూడెంల ఉన్న," అన్నాడు జంపయ్య మెల్లగా.

"తెల్లారి శనివారం పొద్దుగాల వచ్చింది సాబ్ ఆమె. ఇగో, మీరున్న కాడనే నిలవడ్డది. నిన్న నువ్వు ఏసిందే అసలు వరస, నాకు తెల్సిందిలే అన్నా, అన్నది. అవ్, తాళ్ళు తప్పినయ్ అన్న. మళ్ళ తప్పే ఎయ్యి, అన్నది."

సమ్మయ్యగారి కళ్ళు మెరిశాయి. ఇదీ కేసంటే! జంపయ్య వట్టి అమాయకుడు, లాలు వట్టి కూలి. వీరి వెనక ఒక స్త్రీ, తెలిసి తెలిసి, సత్యాన్ని తలకిందులు చేయించి, మూడు వారాలుగా సంఘం మధ్యలో ఏమీ ఎరగనట్టు కూర్చుని ఉంది. రేపు అయ్యగారి ముందు నిలబెట్టవలసింది ఈమెను. ఆయన పిటీషను వెనక్కి తిప్పి, పెన్సిలు మొన తడి చేసుకున్నారు.

"పేరు?"

"చెప్పొద్దన్నది సాబ్."

"మన సంఘపామెనా?"

"నేను తండావోణ్ణి, మీ సంఘం నాకేం తెల్సు? టాకీసుకు వచ్చేటప్పుడు మొఖం నిండ కొంగు కప్పుకుంటది. అయినా ప్రతి శుక్రవారం వస్తది. నిన్న గూడ వచ్చింది."

"ఊకనే చెప్తే నువ్వు ఒప్పుకున్నవా? లంచం ఏమిచ్చింది?"

లాలు సిగ్గుపడ్డాడు. "లంచమేం గాదు సాబ్. కొంగు సాటున తెచ్చింది. చేపల పులుసు. సినిమాల ఆ తల్లి వండుతది సూడు, గట్లనే, చింతపండు ఎక్కువేసి. తిను అన్నా, అన్నది. నేను తింటాంటే అక్కడనే కూసొని చూసింది. మా అమ్మ గూడ గట్ల చూళ్ళే సాబ్ నేను తింటాంటే."

జంపయ్య తల ఎత్తి సమ్మయ్యగారి వైపు చూశాడు. చూసి, వెంటనే చూపు దించుకున్నాడు. ఆ చూపులో ఏదో ఉన్నదని సమ్మయ్యగారికి అనుమానం తగిలింది గాని, దాన్ని విచారించే తీరిక ఆ క్షణాన ఆయనకు లేదు.

"సాక్ష్యం కావాలె," అన్నారు. "నోటిమాట నడవది. వస్తువు కావాలె."

"గిన్నె ఉన్నది గద సాబ్. మళ్ళ వస్తే ఇద్దామని కడిగి పెట్టిన. మీరే ఇచ్చెయ్యిన్రి ఆమె దొరికితే." లాలు మిషను వెనక బల్ల మీద చెయ్యి పెట్టి, సీలలూ మేకులూ నింపుకున్న ఒక స్టీలు గిన్నెను తీసి, అవన్నీ గుడ్డలోకి వంచేసి, ఉఫ్ఫని ఊది అందించాడు.

సమ్మయ్యగారు దాన్ని రెండు చేతులతో అందుకున్నారు. అలవాటుకొద్దీ తలకిందులు చేశారు. పక్కకు వంగి, వెలుతురుకు అడ్డంగా పట్టుకుని చూశారు.

అంత శ్రమ అక్కర్లేదు. అడుగున చుక్కల అక్షరాలు నిక్షేపంగా ఉన్నాయి: కె. సమ్మయ్య, ఫారెస్టు గార్డు, ఆరింటిలో నాలుగోది.